చప్పుడు తగ్గాలి, నాదం తగ్గకూడదు

(బాసరలో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో, విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ఈ సభలో మనం మామూలుగా కరువు భత్యం గురించో, మందుల బిల్లుల గురించో, లైఫ్ సర్టిఫికెట్టు గురించో మాట్లాడుకుంటాం. నేను ఎలక్ట్రిక్ గిటారు గురించి మాట్లాడతానని చెబితే కార్యదర్శి గారు ఒక నిమిషం నా మొహం చూసి, "ఆరోగ్యం మంచిగనే ఉన్నదా?" అని అడిగారు. మంచిగనే ఉన్నదని మీకందరికీ మనవి చేస్తున్నాను. మనం కూర్చున్న ఊరు వీణ చేతబట్టిన తల్లి ఊరు. తీగ వాద్యం గురించి ఇక్కడ మాట్లాడకపోతే మరెక్కడ మాట్లాడతాం?

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. నా కొడుకు గల్ఫులో ఉంటాడు. కోడలు, మనవడు మా దగ్గరే ఉంటారు. మనవడు డిగ్రీ చదువుతూ, కూడబెట్టుకున్న డబ్బుతో ఒక ఎలక్ట్రిక్ గిటారు, 40 వాట్ల స్పీకరు పెట్టె కొనుక్కొచ్చాడు. అప్పుడే మా ఇంటామెకు గుండె ఆపరేషను అయి ఇంటికి వచ్చింది. పక్కింట్లో ఒక ఆడపిల్ల పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్నది. మావాడు పెట్టె ఆన్ చేశాడంటే వంటింట్లో గిన్నెలు మోగేవి. తగ్గించమంటే తగ్గించేవాడు, పది నిమిషాలకు మళ్ళీ పెంచేవాడు. "తగ్గిస్తే దాంట్ల పాణం పోతది తాతా" అనేవాడు. నాకది సాకులాగా వినపడింది.

ఒక రాత్రి లేచి వెళ్ళి మెయిన్ బోర్డులో ఫ్యూజు పీకాను. ముప్పయ్యేళ్ళు బిల్లులు కట్టని వాళ్ళ ఫ్యూజులు పీకిన చెయ్యి ఇది. ఇంట్లో వాళ్ళ ఫ్యూజు కూడా అంత తేలికగానే పీకింది. మావాడు ఒక్క మాట అనలేదు. పొద్దున్నే గిటారును సంచిలో పెట్టి అటక మీద పడేశాడు. రెండు నెలలు దాన్ని ముట్టలేదు, నాతో సరిగా మాట్లాడలేదు. చివరకు మా ఇంటామె అన్నది: "మీరు పీజు పీకితె సప్పుడైతె పోయింది గని, ఇల్లు సుత సచ్చినట్టున్నది. గంత కరెంటు పని తెలిసినోళ్ళు, పోరనికి ఓ ఉపాయం చెప్పలేకపోతిరా?"

ఆ మాట గుచ్చుకున్నది. అటక మీది నుంచి గిటారు దింపి, "బిడ్డా, దాని పాణం ఎక్కడున్నదో నాకు చూపియ్యి" అని అడిగాను. ఆ తరువాత తాతా మనవలం ఇద్దరం కూర్చుని నేర్చుకున్నదే ఈ ఉపన్యాసం.

చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. చప్పుడు వేరు, నాదం వేరు. పిల్లవానికి కావలసింది నాదం, ఇంటికి అక్కరలేనిది చప్పుడు. నాదం ఎక్కడ పుడుతుందో కనుక్కుంటే, చప్పుడు ఎక్కడ కోయాలో తెలుస్తుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మైకులు లేని రోజుల్లో నాటకాల వాళ్ళు చివరి వరుసకు వినపడాలని గొంతు చించుకుని పద్యాలు పాడేవారు. సినిమాల్లో మైకు దగ్గరికి వచ్చాక ఏ.ఎం. రాజా గారి వంటి మెత్తని గొంతు కూడా ఊరూరా వినపడింది. కరెంటు వల్ల గొంతు పెంచవలసిన అవసరం తగ్గింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకోండి. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకానికి నిలవదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగల బదులు ఒంటి తీగలు కట్టి, కర్ణాటక సంగీతాన్ని దాని మీద పలికించారు. 2014లో ఆయన పోయేదాకా దేశదేశాల్లో విన్నారు. ఆయన కచేరీలో కరెంటు చేసిన అసలు పని మోత పెంచడం కాదు, స్వరాన్ని నిలబెట్టడం.

మరొక సంగతి. గిటారు శబ్దంలో మనకు గరగరగా వినపడేది లోపం కాదు, వాళ్ళు కోరి తెచ్చుకునేది. మన తంబురకు గుర్రం మీద తీగ కింద సన్నని దారం పెడతాం. దాన్ని జీవా అంటాం. అది పెట్టకపోతే తంబుర ఠంగుమని ఊరుకుంటుంది. పెడితే తేనెటీగల్లా ఝుమ్మంటుంది. ఆ రొదలోనే పైస్వరాలు ఉంటాయి. గిటారుకు ఆ జీవా వాల్వులో ఉన్నది.

వాల్వు అంటే ఈ సభలో తెలియని వారు లేరు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టిన వాళ్ళం. స్విచ్చి వేశాక వాల్వు ఎర్రబడేదాకా కాచుకుని వార్తలు విన్నవాళ్ళం. ఆ రేడియోల్లో స్పీకరును నడిపించే వాల్వుల్లో ఒకటి ఇ.ఎల్. 84. అదే వాల్వును ఇంగ్లండులో వాక్స్ వాళ్ళు గిటారు పెట్టెల్లో వాడారు. నాలుగు ఇ.ఎల్. 84 వాల్వులున్న 30 వాట్ల పెట్టె బీటిల్స్ బృందం చేతిలో ప్రపంచమంతా మోగింది. అంటే మన ముందుగది రేడియోకూ, ఆ గిటారు పెట్టెకూ చుట్టరికం ఉన్నది.

వాల్వు హాయిగా పనిచేస్తున్నంతసేపు శబ్దం శుభ్రంగా ఉంటుంది. దాని శక్తికి మించి పని చెబితే, తరంగం తల గుండ్రంగా అణిగి పైస్వరాలు పుడతాయి. పిల్లలు కోరేది ఆ గరుకుతనాన్నే. చిక్కేమిటంటే, చివరి వాల్వు అలసిపోవాలంటే పెట్టెను పూర్తిగా పెంచాలి. అందుకే మావాడు తగ్గిస్తే ప్రాణం పోతుందన్నాడు. వాడి పెట్టె ట్రాన్సిస్టరుదే అయినా, తగ్గించినప్పుడు శబ్దం పేలవమైన మాట నిజమే. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది మన చెవి. 1933లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూపారు. శబ్దం తగ్గినకొద్దీ మన చెవి మంద్ర స్వరాలను, మరీ తార స్వరాలను ఎక్కువగా పోగొట్టుకుంటుంది, మధ్యవి మిగులుతాయి. పాత స్టీరియోల్లో లౌడ్‌నెస్ అనే మీట ఉండేది ఇందుకే. రెండవది పైన చెప్పిన వాల్వు. మూడవది స్పీకరు, గది. గట్టిగా మోగినప్పుడు స్పీకరు కాగితం, పెట్టె చెక్క, గది గోడలు, చివరకు గిటారు తీగ కూడా కలిసి కదులుతాయి. తగ్గిస్తే ఆ కదలిక ఉండదు.

ఇక్కడ మన కరెంటు లెక్క ఒకటి చెప్పాలి. 100 వాట్ల పెట్టె బదులు 10 వాట్లది తెస్తే చప్పుడు పదో వంతు అవుతుందనుకుంటాం. కాదు. 10 డెసిబెళ్ళు తగ్గుతుంది, చెవికి సుమారు సగం అయినట్టు ఉంటుంది. 1 వాటుకు దిగినా చెవికి నాలుగో వంతే. గిటారు స్పీకర్లు చాలా వరకు ఒక్క వాటుకే మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెళ్ళ దాకా మోగుతాయి. మామూలు మాట 60 డెసిబెళ్ళ దగ్గర ఉంటుంది. అందుకని చిన్న పెట్టె కొన్నంత మాత్రాన ఇల్లు ప్రశాంతం కాదు. ఈ లెక్క తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

మరి ఏం చేయాలి? మేము చేసి చూసిన వరుసలోనే చెబుతాను.

ఒకటి. పెట్టె మీద గెయిన్, మాస్టర్ అని రెండు మీటలుంటాయి. గెయిన్ మొదటి మెట్టులో గరుకుతనం పుట్టిస్తుంది. మాస్టర్ చివర్లో చప్పుడు కోస్తుంది. గెయిన్ తగినంత పెట్టి, మాస్టర్ బాగా తగ్గించాలి. ఆ గెయిన్ కూడా పిల్లలు అనుకునేదానికంటే కొంచెం తక్కువే పెట్టాలి. గదిలో తక్కువ అనిపించేది రికార్డులో సరిపోతుంది. ఎక్కువైతే తీగల మధ్య తేడా పోయి అంతా ముద్ద అవుతుంది.

రెండు. వాల్వు పెట్టె ఉన్నవారికి అటెన్యుయేటరు అనే సాధనం ఉంది. పెట్టెకూ స్పీకరుకూ మధ్య పెడతారు. వాల్వు పూర్తిగా పనిచేస్తుంది, వచ్చిన పవరులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, స్పీకరుకు కొంచెమే వెళుతుంది. మన పాత ఫ్యాన్ రెగ్యులేటరు గుర్తుందా? నల్లటి డబ్బా, లోపల రెసిస్టెన్స్ తీగ, చెయ్యి పెడితే వేడి. ఇదీ అదే. ఓముల లెక్క పెట్టెకు సరిపోవాలి. మరీ ఎక్కువ కోస్తే శబ్దం మొద్దుబారుతుంది.

మూడు. పెట్టెను నేల మీద పెట్టకండి. నేల ద్వారా మోత పక్కగదికి పోతుంది. కుర్చీ మీదనో స్టూలు మీదనో మడిచిన బొంత వేసి దాని మీద పెట్టండి. గోడ మూలకు ఆనిస్తే మంద్రం ఉబ్బుతుంది, జానెడు ముందుకు జరపండి. మేము బట్టల బీరువా తలుపులు తెరిచి, పెట్టెను దానికి ఎదురుగా పెట్టాం. మా ఇంటామె చీరలు మింగినంత శబ్దం ఏ గోడా మింగలేదు. వెనక దండెం మీద రెండు బొంతలు వేశాం. అయితే వాల్వు పెట్టె మీద మాత్రం బొంత కప్పకండి, అది వేడెక్కే వస్తువు.

నాలుగు. మైకు. డైనమిక్ మైకు చాలు. గిటారుకు షూర్ ఎస్.ఎం. 57 అనే రకం 1965 నుంచీ వాడుకలో ఉంది. మైకును స్పీకరు గుడ్డకు రెండు మూడు వేళ్ళ దూరంలో పెట్టాలి. స్పీకరు నడిబొడ్డుకు ఎదురుగా పెడితే శబ్దం పదునుగా, అంచుకు జరిపితే మెత్తగా వస్తుంది. మీటలు తిప్పేకంటే మైకు అంగుళం జరపడం మేలని మాకు అనుభవమైంది. మైకు అంత దగ్గరగా ఉంటే స్పీకరు గట్టిగా మోగనక్కరలేదు. ఏ.ఎం. రాజా గారి కథ ఇదే.

అయిదు. రికార్డు చేసినదాన్ని మామూలు మాటల స్థాయిలో విని తీర్పు చెప్పండి. మరీ మెల్లగా వింటే ఫ్లెచర్, మన్సన్ చెప్పినట్టు మంద్రం చాలనట్టు ఉంటుంది. అది పెంచేస్తాం. రేపు ఇంకొకరు గట్టిగా పెట్టుకుంటే ఢబఢబలాడుతుంది. తెలిసిన పాట ఒకటి పక్కన పెట్టి పోల్చుకోవడం మంచి పద్ధతి.

ఇక స్పీకరే లేకుండా చేసే దారి ఉన్నది. ఈనాటి పిల్లల్లో చాలామంది చేసేది అదే. గిటారు తీగను ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బాకు కలిపి, దాన్ని కంప్యూటరుకు కలుపుతారు. పెట్టె, వాల్వు అన్నీ కంప్యూటరు లెక్కల్లోనే ఉంటాయి. చెవులకు హెడ్‌ఫోను. ఇంట్లో తీగల టింగుటింగు తప్ప ఏమీ వినపడదు.

మావాడు మొదట ఇలా చేసినప్పుడు దోమలు ముసిరినట్టు వచ్చింది. కారణం ఏమంటే, గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక బాగా పడిపోతుంది. ఆ పడిపోవడమే గరుకుదనాన్ని వడగడుతుంది. స్పీకరు లేకపోతే జల్లెడ పట్టని పిండిలాగా అన్నీ వచ్చేస్తాయి. అందుకని కంప్యూటరులో స్పీకరు పెట్టె నమూనాను కూడా కలపాలి. ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఒక స్పీకరు, ఒక మైకు శబ్దానికి ఎలా బదులిస్తాయో ముందే కొలిచి దాచిన ముద్ర అది. అది పెట్టగానే దోమలు పోయి గిటారు వచ్చింది.

కంప్యూటరు లెక్క చేయడానికి కొంత సమయం పడుతుంది. ఆలస్యం సెకనులో నూరో వంతు ఉంటే ఫరవాలేదు, పెట్టెకు పదకొండు అడుగుల దూరంలో నిలబడి వాయించినట్టు. అంతకు మించి పెరిగితే తాళం తప్పుతుంది. మట్టం కూడా చూసుకోవాలి. వాల్వు నిండితే ముచ్చటగా ఉంటుంది గాని కంప్యూటరు నిండితే టపటపమని పగులుతుంది. గట్టిగా మీటినప్పుడు కూడా నిండు మట్టానికి 10, 12 డెసిబెళ్ళు కిందనే ఉంచండి.

ఇక నా శాఖ సంగతి. గిటారులో అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్ ఉంటుంది. అది తీగ కదలికనే కాదు, ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు రొదను కూడా పడుతుంది. ట్యూబులైటు చోకు, ఫ్యాన్ రెగ్యులేటరు దీనికి శత్రువులు. రికార్డు చేసేటప్పుడు అవి ఆపండి, లేదా గిటారు పట్టుకుని కూర్చున్న దిక్కు మార్చి చూడండి. ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్లను ఒకదానికొకటి ఎదురుగా కలిపి రొదను రద్దుచేసే పికప్ తయారుచేశాడు. టెలిఫోను శాఖ మిత్రులకు ఇది తెలుసు. జంట తీగలను మెలిపెట్టి రొదను రద్దుచేసేది మీరే కదా!

రెండు హెచ్చరికలు, చేతులు జోడించి చెబుతున్నాను. రొద పోతుందని ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేయకండి. ప్రాణం మీదికి వస్తుంది. అవసరమైతే పెరట్లో ఎర్త్ గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోసి సరిగా చేయించండి. రెండవది, వాల్వు పెట్టెను స్పీకరో, దానికి తగిన లోడో కలపకుండా ఆన్ చేయకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. పెట్టె విప్పకండి కూడా. ప్లగ్గు తీసినా లోపలి కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

"ఇంత మెల్లగా వాయిస్తే పెద్ద శబ్దం ఎలా వస్తుంది?" అని మనవడు అడిగాడు. రికార్డులో పెద్దదనం వాట్ల వల్ల రాదు. 1970లో అమెరికాలోని మయామిలో ఎరిక్ క్లాప్టన్ తన బృందంతో లేలా ఆల్బం రికార్డు చేసినప్పుడు ఫెండర్ చాంప్ అనే అయిదారు వాట్ల బుల్లి పెట్టెలు వాడాడు. వినేవారికి అది కొండంత శబ్దం. ఇంట్లో మాకు దొరికిన ఉపాయం మరొకటి. ఒకే గతిని రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టడం. రెండింటి మధ్య ఉండే చిన్నచిన్న తేడాల వల్ల గది విశాలమైనట్టు వినిపిస్తుంది. రెండుసార్లూ కుదురుగా వాయించాలి కాబట్టి చెయ్యి కూడా తిరుగుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఇది పిల్లలకు చెప్పండి, కానీ ముందు మనం చూసుకోవాలి. ఒకరోజు మనవడు సెల్‌ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి, తన గిటారు కొలిచాడు. తరువాత మాట్లాడకుండా నేను వార్తలు చూస్తున్న టీవీ దగ్గర పెట్టాడు. టీవీయే ఎక్కువ చూపింది. "తాతా, ఇప్పుడు పీజు ఎవరిది పీకాలె?" అన్నాడు. ఫోను కొలత అంత ఖచ్చితం కాదని వాదించాను గాని, మరునాడు నిజామాబాదు వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకున్నాను. కుడిచెవి తగ్గిందన్నారు. పోయిన వినికిడి మందుతో తిరిగి రాదు. కాబట్టి మనవలకు ఇంకొక మాట. హెడ్‌ఫోనులో కూడా తక్కువే పెట్టుకోండి. 85 డెసిబెళ్ళలో రోజుకు 8 గంటలు హద్దు అయితే, ప్రతి 3 డెసిబెళ్ళు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 100 దగ్గర అది పావుగంటే.

పక్కింటి అమ్మాయి పది పాసైంది. అప్పుడు మా వల్ల పడిన ఇబ్బందికి వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాను. మనవడు ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి బీరువా తలుపులు తెరిచి కూర్చుంటాడు. మొన్న ఒకరోజు మా ఇంటామె పాత బతుకమ్మ పాట ఒకటి పాడితే, వాడు దాని కింద మెల్లగా గిటారు వాయించి రికార్డు చేశాడు. గల్ఫులో ఉన్న కొడుకుకు పంపాడు. వాడు ఫోను చేసి, "అమ్మ పక్కన కూర్చుని పాడినట్టున్నది" అన్నాడు. గిటారు గట్టిగా ఉంటే ఆ గొంతు దాంట్లో మునిగిపోయేది.

నిన్న రాత్రి ఆమె పక్కగదిలో నుంచి పిలిచి ఏమన్నదో తెలుసా? "అరేయ్ బిడ్డా, జర పెంచు, నాకు వినస్తలేదు." ఈసారి నేను మెయిన్ బోర్డు వైపు పోలేదు. గది తలుపు కొంచెం తెరిచి పెట్టాను. అంతే సరిపోయింది.

మీ ఇళ్ళల్లో కూడా గిటారో, కీబోర్డో, డోలో ఉంటే, ఆపమనే ముందు ఒకసారి పక్కన కూర్చోండి. మన సర్వీసులో నేర్చుకున్న ఏదో ఒక పని అక్కడ పనికొస్తుంది.